గొలుసు బయటి తాళం

ఇంజన్ రొద మళ్ళీ దగ్గరైంది!

నెరేయా పరిగెడుతోంది. మోకాటి లోతు మంచులో దాన్ని పరుగనడానికి లేదు. కాలు పెరకడం, వేయడం. పెరకడం, వేయడం. కిటికీలోంచి దూకినప్పుడు ఎడమ చీలమండ మెలిపడింది. అడుగు వేసినప్పుడల్లా ప్రాణం పోతోంది.

వెనక స్నోమొబైల్.

దాని మీద డోలన్. ఇక్కడి సెక్యూరిటీకి పెద్ద. నడుముకి పిస్తోలు.

ఇంకా తెల్లారలేదు. ఆరు కావడానికి పది నిమిషాలుంది.

"ఏయ్, గొర్రెలదానా!" చీకట్లోంచి అరుపు. "ఎంత దూరం పోతావే? చుట్టూ కంచే!"

నిజమే. చుట్టూ కంచే. ఎల్క్ జింకలు రాకుండా ఎనిమిదడుగుల ఎత్తున వేసిన వల కంచె. పైన ముళ్ళతీగ. లోపల పద్నాలుగు వందల ఎకరాలు. అందులో ఇరవై రెండంటే ఇరవై రెండే భవంతులు. ఒక ఇంటి దీపం ఇంకో ఇంటికి కనపడదు. అదే గొప్పట! స్కీయింగ్ కొండకి పావుగంట దూరం, పొరుగువాడి మొహం చూడక్కర్లేని బతుకు. దానికే కోట్లు పోసి కొన్నారు.

ఒకప్పుడు ఈ నేలంతా నెరేయా తాతది. ఆయన గొర్రెలు మేసిన బీడు. అమ్మాక కంపెనీవాళ్ళు మహా మర్యాదగా ఇంటిపేరే తగిలించారు. 'అర్రెగీ మెడోస్'. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు.

మిగిలింది మధ్యలో పాత ఇల్లు. పైన ఒక్క బీడు. కాలవ మొదలయ్యేది అక్కడే. లోయలో రైతులందరికీ నీళ్ళు దిగేదీ అక్కణ్ణుంచే. దాన్ని అమ్మనని నాన్న మొండికేశాడు.

నాన్న పోయాడు.

నెరేయా కుడి జేబు తడిమింది. ఉంది! గోరంత మెమరీ కార్డు. ఇది గేటు దాటాలి. షెరిఫ్ బల్ల మీద పడాలి. అంతవరకూ తను బతికుండాలి.

ఎడమ జేబులో ఇంకోటుంది.

దాని జోలికి చెయ్యి పోలేదు. తలుచుకుంటేనే సిగ్గేస్తోంది.

పోయిన జూన్‌లో నాన్న చెత్త తీయడానికి తూములో దూరాడు. జాగ్రత్త మనిషి ఆయన. షట్టర్ దించి, చక్రానికి గొలుసు చుట్టి, తాళం వేసి మరీ దూరాడు. అయినా షట్టర్ లేచింది! కొండ మీద కరిగిన మంచునీళ్ళన్నీ ఒక్కసారిగా తూములోకి...

ప్రమాదమని రాసుకుని పోయారు ఆఫీసర్లు. పాత ఇనుమట. తుప్పట.

నిన్న మధ్యాహ్నం తుఫానుకి ఒక ఆస్పెన్ చెట్టు కొమ్మ విరిగిపడింది. కొమ్మతో పాటు ఒక కెమెరా. తోడేళ్ళ జాడ కోసం నాన్న కట్టింది. కట్టినట్టు ఎవరికీ చెప్పలేదు. కెమెరాలో ఇరవై ఫోటోలు.

నారింజ రంగు జాకెట్. తల మీద టోపీ ముసుగు. వీపు కెమెరా వైపు. రెండు చేతులూ షట్టర్ చక్రం మీద!

నారింజ జాకెట్టంటే సెక్యూరిటీ. సెక్యూరిటీ అంటే డోలన్. ఇంక ఆలోచించేదేముంది?

పద్నాలుగో ఫోటో...

వద్దు. ఇప్పుడు వద్దు.

రొద పెరిగింది. లైటు చెట్ల మీద పడింది!

ఎదురుగా పదకొండో నంబరు భవంతి. యజమాని క్రిస్మస్‌కి నాలుగు రోజులుండి పోయాడు. నిన్నటి నుంచీ కింద లోయంతా కరెంటు లేదు, ఫోను లేదు. ముసలివాళ్ళు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఇక్కడ మాత్రం జనరేటర్ గుర్రుమంటోంది. వాకిలి రాళ్ళ కింద వేడినీళ్ళ గొట్టాలు. మంచు పడగానే కరిగిపోవాలని. మనిషి లేని ఇంటికి వెచ్చని వాకిలి!

రోజూ చూసి తిట్టుకునేది. ఇవాళ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

వాకిలి మీదికి ఎక్కింది. నల్లటి తడి రాయి. ఒక్క అడుగుజాడ పడలేదు!

కుంటుతూ వాకిలి చివరిదాకా పోయింది. గ్యారేజీ వెనక పిట్టగోడ దాటింది. వాగు గట్టు కింద బోర్లా పడుకుంది.

స్నోమొబైల్ వచ్చి ఆగింది. లైటు అటూ ఇటూ తిరిగింది. జాడ తెగిపోయింది.

"ఎక్కడ చచ్చిందిరా ఇది..." డోలన్ ఉమ్మేశాడు.

తరవాత నవ్వాడు.

"పోనీ. పోతే అక్కడికేగా పోయేది."

ఇంజన్ మెల్లగా, తీరిగ్గా కదిలింది.

నెరేయా తలెత్తి చూసింది. అక్కడికంటే ఎక్కడికి? తను ఎక్కడికి పోతోందో వీడికెలా తెలుసు? అసలు పొద్దున్నే గుమ్మం ముందుకి ఎలా వచ్చాడు? కార్డు సంగతి ఎవరు చెప్పారు?

కిటికీలో లాంతరు చూసుంటాడు. అంతే. అంతే అయ్యుండాలి!

కార్డు సంగతి ఈ భూమ్మీద ఇంకొక్కడికే తెలుసు. బెన్యత్ బాబాయ్‌కి.

రాత్రి స్కీల మీద వచ్చాడు. కాలవ గేటు అవతల ఆయనిల్లు. పిల్ల ఒంటరిగా ఉందని తుఫానులో వచ్చాడు. పొయ్యి దగ్గర వెల్లుల్లి సూపు తాగుతూ అంతా విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"డోలన్ గాడే! నాకు ముందునుంచీ అనుమానమే అమ్మలూ."

"ఇప్పుడే పోదాం బాబాయ్."

"ఈ తుఫానులోనా? ఇద్దరం శవాలై తేలతాం. పొద్దున ఆగుతుంది. మెయిన్ గేటు వాడి చేతిలో ఉంది. ఎలా వస్తావు?"

"కాలవ గేటులోంచి. నువ్వు అవతల పికప్ బండితో ఉండు. తిన్నగా షెరిఫ్ దగ్గరికి."

"ఉంటా తల్లీ. ఆరింటికల్లా ఉంటా."

గోడ మీది నాన్న రైఫిల్ తనే తీసి ఇచ్చింది. "వాడి దగ్గర తుపాకీ ఉంది. నీ దగ్గరా ఉండాలిగా." ఆయన నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళాడు.

అటువంటి మనిషి!

నెరేయా లేచింది. వాగు గట్టు వెంటే కుంటుతూ నడిచింది. ఆరూ ఐదు. ఆరూ ఎనిమిది. తూర్పున బూడిద రంగు వెలుగు.

గేటు!

వల కంచె అంత ఎత్తు గేటు. అవతలి వైపు మంచు బ్లేడుతో తోసి శుభ్రంగా ఉంది. బాబాయ్ పనే. పికప్ మాత్రం లేదు.

గేటు గొలుసుకి నాలుగు తాళాలు. ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉంటాయి. అర్రెగీలది. బాబాయ్‌ది. కాలవ సంఘానిది. ఫైరింజన్ వాళ్ళది. ఎవరి తాళం వాళ్ళు తీస్తే చాలు, గొలుసు విడిపోతుంది. ఒకర్నొకరు అడగక్కర్లేదు. ఈ లోయలో గేట్లన్నీ ఇంతే. నియమం ఒక్కటే. మూసేటప్పుడు పక్కవాడి తాళాన్ని గొలుసు బయట వదలకూడదు. వదిలితే వాడు చిక్కినట్టే. అలా వదిలినవాడితో ఇక్కడ ఎవరూ చెయ్యి కలపరు.

తాళంచెవుల గుత్తి తీసింది. ఇంటి చెవి... కాదు. సోమవారం మీటింగులో కాలవ సంఘం వాళ్ళు ఇచ్చింది... ఇదీ కాదు. ఇదిగో!

టక్. తన తాళం తెరుచుకుంది.

గొలుసు లాగింది. రాలేదు.

ఇంకా గట్టిగా లాగింది. రాలేదు!

వంగి చూసింది.

తన తాళం పక్క తాళం కొక్కేనికి ఊరికే వేలాడుతోంది. దాన్ని దాటేసి, పక్క తాళాన్ని నేరుగా గొలుసుకి బిగించారు. ఇత్తడి తాళం. దాని మీద నీలం చుక్క. గొర్రెలకి గుర్తేసే రంగు.

బాబాయ్ తాళం.

నెరేయా గొలుసు వదిలేసింది. లోపల ఏదో తెగింది.

అవతల హెడ్‌లైట్లు వెలిగాయి! చెట్ల చాటు నుంచి పికప్ ముందుకొచ్చి ఆగింది. ఇంతసేపూ అక్కడే ఉందన్నమాట!

బెన్యత్ దిగాడు. చేతిలో నాన్న రైఫిల్.

"వచ్చావా అమ్మలూ! దెబ్బలేం తగల్లేదుగా?"

"గేటు తియ్యి బాబాయ్."

"తీస్తా, తీస్తా. ముందా కార్డు ఇలా ఇయ్యి. వాడొచ్చిపడితే అదైనా దక్కుతుంది." వల కంతలోంచి రెండు వేళ్ళు చాచాడు.

నెరేయా ఆ వేళ్ళని చూసింది. తనకి గొర్రెపిల్లని పట్టుకోవడం నేర్పిన వేళ్ళు.

"నా తాళం గొలుసులో లేదు."

"అయ్యో... చీకట్లో చూసుకోలేదే. చలికి వేళ్ళు కొంకర్లు పోయి..."

"నాకు ఏడేళ్ళప్పుడు నువ్వే నేర్పావు. కళ్ళకి గంతలు కట్టి మరీ నేర్పావు! గేటు మూసేముందు తాళాలు లెక్కపెట్టమన్నావు."

వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"పద్నాలుగో ఫోటో చూశాను బాబాయ్."

"ఏముంది అందులో?"

"షట్టర్ తిప్పినవాడు, చెవి పెట్టి తీసిన తాళాన్ని మళ్ళీ గొలుసుకే తగిలించి నొక్కాడు. మట్టి పట్టకూడదని. పోకూడదని. డోలన్ గాడైతే నేల మీద పారేసేవాడు. అది మనింట్లో వాళ్ళు చేసే పని."

"రాత్రే తెలుసా నీకు?" ఆయన గొంతు మారింది. "తెలిసి కూడా నన్నే గేటు దగ్గరికి రమ్మన్నావా?"

"నా తాళం ఉంచుతావేమో అని!" నెరేయాకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఒక్క తాళం బాబాయ్! అది గొలుసులో ఉండుంటే ఈ కార్డు వాగులో పారేసేదాన్ని. నాన్న ఎలాగూ రాడు. నాకు మిగిలింది నువ్వే అనుకున్నా."

బెన్యత్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి వాటిలో నీళ్ళు లేవు. కోపముంది.

"తాళం! నాకు చెబుతున్నావా తాళం గురించి? మీ నాన్న పెద్దోడు. భూమంతా వాడిది. నాకు నలభై ఏళ్ళొచ్చేదాకా ఈ గేటు మీద నాకో తాళం లేదు. వాడి చెవి అడుక్కుని లోపలికి పోయేవాణ్ణి. అడుక్కుని! మా అయ్య నేల మీదికి!"

"అందుకని అన్న మీదికి నీళ్ళు వదుల్తావా? వాళ్ళ జాకెట్ తొడుక్కుని!"

"సగమే తిప్పా. భయపడి బయటికొస్తాడనుకున్నా. బీడు అమ్మడానికి సంతకం పెడతాడనుకున్నా..." మాట మింగాడు. "కంపెనీవాళ్ళు నాకో ప్లాటు ఇస్తామన్నారు. నా పేరు మీద. ఇప్పుడా బీడు నీదైంది. నువ్వు లేకపోతే..."

ఆగాడు.

చెప్పక్కర్లేదు. నువ్వు లేకపోతే ఆయనది. కంచే చేను మేసింది.

బెన్యత్ తలెత్తి కొండ వైపు చూశాడు. తరవాత వాచీ వైపు.

నెరేయాకి అర్థమైంది.

ఆరుంబావు!

మంచు పడిన ప్రతి పొద్దునా ఆరుంబావుకి స్కీయింగ్ కొండ మీద బాంబులు పేలుస్తారు. జనం మీద కూలకుండా మంచుని ముందే కూల్చేస్తారు. ఎప్పుడూ జోడు మోతలే. ఒకటి. రెండు నిమిషాలకి ఇంకోటి. లోయలో పసిపిల్లలు కూడా ఆ మోతకి కదలరు. ఆ మోతలో ఒక తుపాకీ పేలితే ఎవడు పట్టించుకుంటాడు?

రైఫిల్ లేచింది.

"అటు తిరుగు అమ్మలూ. నీ మొహం చూడలేను."

"తిరగను."

"తిరగవే!"

"చూడు బాబాయ్. నాన్న మొహం చూడలేదు. నాదైనా చూసి చంపు."

ఆయన పెదవులు వణికాయి. వేలు వణకలేదు.

ధడేల్!

కొండ అదిరింది. బెన్యత్ నొక్కాడు.

టిక్.

అంతే. టిక్.

బోల్టు లాగి మళ్ళీ నొక్కాడు. టిక్!

నెరేయా ఎడమ జేబులోంచి చెయ్యి తీసింది. అరచేతిలో సన్నటి ఉక్కు సూది. తూటాని కొట్టే సూది.

"రాత్రి నువ్వు రాకముందే బోల్టులోంచి తీశాను. ఇందాకటిదాకా దీన్ని తలుచుకుని సిగ్గుపడ్డాను. ఇంత మంచోణ్ణి అనుమానించానే అని! గేటు తీయగానే నీ కాళ్ళ మీద పడదామనుకున్నా."

బెన్యత్ చేతిలో రైఫిల్ కిందికి జారింది. నోరు తెరిచాడు.

అప్పుడు ఆయన కళ్ళు నెరేయా భుజం మీదుగా వెనక్కి పోయాయి.

నెరేయా తిరిగింది. నలభై అడుగుల దూరంలో డోలన్! ఇంజన్ ఆపేసి నడిచొచ్చాడు. పిస్తోలు ఎత్తి ఉంది.

ఒక్క క్షణం... ఒకే ఒక్క క్షణం నెరేయాకి ఆశ కలిగింది. బాబాయ్ అరుస్తాడు. పారిపో అంటాడు. ఎంతైనా రక్తం!

బెన్యత్ అరిచాడు.

"ఆగరా డోలన్! ఇప్పుడే కాదు! రెండోది పేలనీ!"

నెరేయా కన్నీళ్ళు ఆగిపోయాయి. ఆ ఒక్క మాటతో బాబాయ్ లేడు. గేటు అవతల ఎవడో ముసలాడున్నాడు.

రెండు నిమిషాలు.

వాళ్ళిద్దరూ ఆగుతారు. తను ఎందుకు ఆగాలి?

మోకాళ్ళ మీద కూలబడింది. గొలుసు పట్టుకుంది. గుత్తి తీసింది.

బెన్యత్ నవ్వాడు. ఏడుపులాంటి నవ్వు. "నీ తాళం పనిచెయ్యదే పిచ్చిపిల్లా."

"ఇది నాది కాదు. ఊరిది."

కాలవ సంఘం చెవి! సోమవారం కొత్త కాలవ కాపరిగా ఆమెనే ఎన్నుకున్నారు. బాబాయ్ మీటింగుకి రాలేదు. వచ్చుంటే తెలిసేది.

మంచు పట్టిన తాళం. చెవి దూరలేదు. నోటితో ఊదింది. మళ్ళీ తోసింది.

"ఏం చేస్తోందది?" డోలన్ గొంతు.

"ఏం లేదు! కదలకు! కాల్చకు!"

తిరిగింది!

గొలుసు ఘల్లుమని జారింది. నెరేయా భుజంతో గేటుని తోసింది. బరువైన గేటు అవతలి వైపుకి ఊగింది. దాంతో పాటే తను మంచులో బోర్లా పడింది.

"పోతోంది... పోతోందిరా ఇది!" డోలన్ అరిచాడు.

"కాల్చకురా!"

ఠాప్!

తలపైనుంచి పోయింది. వేడిగా. నెరేయా ఊపిరి తీసుకుంది. నొప్పి లేదు. ఎక్కడా లేదు!

ముందు ఏదో దబ్బున పడింది.

బెన్యత్.

కొండ నిశ్శబ్దంగా ఉంది. మోత లేదు, గాలి లేదు. ఆ ఒక్క తుపాకీ చప్పుడు మాత్రం కంచె దాటి, వాగు దాటి, లోయంతా పొర్లుకుంటూ పోయింది.

కింద బీళ్ళలో ట్రాక్టర్ల లైట్లు. తెల్లారకముందే పశువులకి గడ్డి వేసే రైతులు. ఒక లైటు ఆగింది. ఇంకోటి ఆగింది. మూడోది ఆగి... ఇటు తిరిగింది!

ఒకటి. రెండు. ఐదు. అన్నీ ఇటే!

డోలన్ వాటిని చూశాడు. చేతిలో పిస్తోలుని చూసుకున్నాడు. పట్నం మనిషి. ఆగమంటే ఆగడం చేతకాలేదు. వెనక్కి తిరిగి స్నోమొబైల్ వైపు పరిగెత్తాడు.

"ఎంత దూరం పోతావురా?" నెరేయా అరిచింది. గొంతు చీరుకుపోయింది. "చుట్టూ కంచే!"

మెయిన్ గేటు రోడ్డు కూడా దిగేది ఆ లోయలోకే. ఆ ట్రాక్టర్ల మధ్యకే.

"అమ్మలూ..."

బెన్యత్ భుజం కింద మంచు ఎర్రబడుతోంది. నెరేయా దగ్గరికి పాకింది. మెడలో మఫ్లర్ తీసింది. గాయం మీద పెట్టి గట్టిగా బిగించింది. ఆయన మొహం మాత్రం చూడలేదు.

"అమ్మలూ... ఒక్కసారి ఇటు చూడవే..."

లేచింది. కుంటుతూ గేటు దగ్గరికి వెళ్ళింది. గేటు మూసింది. గొలుసు చుట్టింది.

తాళాలు లెక్కపెట్టింది. తనది. కాలవ సంఘానిది. ఫైరింజన్ వాళ్ళది.

నీలం చుక్క తాళం గొలుసు కొసన ఊరికే వేలాడుతోంది. దాన్ని బయటే వదిలేసింది.

ధడేల్!

కొండ మీద రెండోది పేలింది.

లోయలో ప్రతివాడికీ తెలుసు. రోజూ రెండే మోతలు.

ఇవాళ మూడు విన్నారు.